పద్నాలుగో మైలు దగ్గర మంచుకొండ

కాలువల శాఖలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి దిగిపోయినవాణ్ణి. నా పింఛను ఇప్పటికీ అక్కడినుంచే వస్తుంది. కాబట్టి శాఖను విమర్శించే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ప్రధాన ఇంజనీరు విశ్వంభరరావు గారు ఒకసారి ఢిల్లీలో సమావేశానికి వెళ్ళారు. అధ్యక్షస్థానంలో ఉన్నాయన మాటల మధ్యలో "లెట్ అజ్ నాట్ బీట్ అబౌట్ ది బుష్" అన్నాడు. డొంకతిరుగుడు మాని అసలు విషయానికి వద్దాం అని దాని భావం. విశ్వంభరరావు గారికి మాత్రం అందులో పొద అనే ముక్క ఒక్కటే చెవిన పడింది. ఆయన లేచి నిలబడి, తమ పరిధిలోని కాలువ గట్ల మీద పొదల నరికివేత ఏప్రిల్ నెలాఖరుకే నూటికి నూరుపాళ్ళు పూర్తయిందనీ, ఇక కొట్టవలసిన పొదలేవీ మిగల్లేదనీ సభకు మనవి చేశారు. సభ చాలాసేపు నవ్వింది. పని తొందరగా పూర్తయినందుకు సంతోషిస్తున్నారనుకుని ఆయన కూడా నవ్వారు. తిరుగు ప్రయాణంలో, విమానం మబ్బుల్లో ఉండగా, వ్యక్తిగత కార్యదర్శి ఆ మాటకు అర్థం విన్నవించాడు. ఆ తరవాత విమానం దిగేదాకా ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదట.

పన్నెండో రోజున సర్క్యులర్ వచ్చింది. "శాఖాపరమైన ఉత్తర ప్రత్యుత్తరములయందు ఆంగ్ల నుడికార దారిద్ర్యము మిక్కుటముగా గమనింపబడినందున" అని మొదలైంది అది. ఇకమీదట కింది నుంచి పైకి వెళ్ళే ప్రతి నివేదికా ఇంగ్లీషులోనే ఉండాలి. అందులో, జతపరచిన నూట ఒక్క నుడికారాల్లోంచి కనీసం ఒకటి ఉండి తీరాలి. లేకపోతే కంప్యూటరు దాన్ని పుచ్చుకోదు. పై నుంచి కిందికి వచ్చే ప్రతి ఉత్తర్వూ, సిబ్బందికి అర్థమయ్యే నిమిత్తం, అనువాద విభాగం ద్వారా తెలుగులో రావాలి.

అనువాద విభాగం గురించి ఒక మాట చెప్పాలి. దాని అధికారి శేషాద్రి గారు ఒకప్పుడు మంచి అనువాదకుడు. చదివితే తెలుగు చదివినట్టే ఉండేది. ఒక ఏడాది ఆడిట్ వాళ్ళు వచ్చి, మూలంలో నలభై మాటలుండగా అనువాదంలో ఇరవై ఎనిమిదే ఉన్నాయనీ, తక్కిన పన్నెండు మాటలూ ఏమయ్యాయో సంజాయిషీ ఇమ్మనీ అడిగారు. ఆ సంజాయిషీ రాయడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. అప్పటినుంచి శేషాద్రి గారు ఒక్క మాటను కూడా పోనివ్వలేదు. మాటకు మాట వేసి, కింద లెక్క కట్టి, సంతకం పెట్టేవారు. అర్థం గురించి ఆడిట్ వాళ్ళు ఏనాడూ అడగలేదు కాబట్టి ఆయనా పట్టించుకోలేదు.

ఈ ఏర్పాటు మొదలైన ఏడాదే పెదలంక కాలువ మీద ఈ సంగతి జరిగింది.

ఆ కాలువకు గుత్తుల ఏడుకొండలు లస్కరు. అంటే రోజూ గట్టు వెంట తిరిగి కాలువను కాపు కాసేవాడు. అప్పటికి అతనికి యాభై ఏడేళ్ళు, అందులో ముప్పై ఒకటి గట్టు మీదే గడిచాయి. సైకిలు మీద పోతూ, నీటి చప్పుడు విని ఎక్కడ ఏ తూము సగం మూసుకుపోయిందో చెప్పగలడు. అయిదో తరగతి చదువు. మితభాషి. ఇల్లు పద్నాలుగో మైలు దగ్గర, గట్టు కిందనే, సీతపల్లంలో. ఊరి పేరులోనే పల్లం ఉంది. అక్కడ ఇళ్ళ చూరులన్నీ కాలువ నీటి మట్టం కంటే కిందికే ఉంటాయి. మొత్తం నలభై మూడు ఇళ్ళు, వాటి వెనకాల కౌలు రైతుల వరి చేలు.

ఆగస్టు నెలలో, కాలువ నిండుగా పారుతున్నప్పుడు, ఒక రోజు పొద్దున్నే ఏడుకొండలు గట్టు వెలుపలి వాలులో చెంబెడు నీళ్ళు ఊరడం చూశాడు. దోసిట్లోకి తీసుకున్నాడు. బురదగా ఉంది. చుట్టూ పీతల కన్నాలున్నాయి. అక్కడ ఒక సరుగుడు కర్ర పాతి, సైకిలెక్కి సెక్షన్ ఆఫీసుకు వెళ్ళాడు.

ఆఫీసులో ఇంజనీరు లేడు. నుడికారాల ఉన్నత శిక్షణకు వెళ్ళి పది రోజులైంది. జూనియర్ అసిస్టెంటు మంగతాయారు ఒక్కతే ఉంది. ఆమె ఎమ్మే ఇంగ్లీషు. నాకు ఈ కథంతా చెప్పింది ఆమే.

"నీళ్ళు తేటగా ఊరితే బయంలేదండి," అన్నాడు ఏడుకొండలు. "బురదగా ఊరితే లోపల మట్టి నడిచిపోతందన్నమాటండి. గట్టు ఆగేది పదిహేను, మహా అయితే ఇరవై రోజులండి. ఇసక బస్తాలు పంపమని రాయండమ్మా."

మంగతాయారు అతను చెప్పినదాన్ని చెప్పినట్టు ఇంగ్లీషులో పెట్టి పంపింది. గట్టు వెలుపల బురద ఊట, వెంటనే ఇసుక బస్తాలు కావాలి, ఇంతే. కంప్యూటరు ఎర్రగా మెరిసింది. నుడికారం లేదు, తిరస్కరించడమైనది అంది. ఆమె జాబితా తీసి చూసింది. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి, ఏదో ఒకటి తగిలించకుండా, సరిగ్గా అతికేదే ఏరింది. కనబడేది కొంచెమే, కనబడని ప్రమాదం చాలా పెద్దది అని చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు "టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్" అంటారు. సముద్రంలో మంచుకొండ కొస మాత్రమే పైకి తేలుతుంది, తక్కిన కొండంతా నీళ్ళలోనే ఉంటుంది. "పద్నాలుగో మైలు దగ్గర కనిపించే ఊట టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్ మాత్రమే" అని రాసింది. కంప్యూటరు పచ్చగా మెరిసి పుచ్చుకుంది.

నివేదిక పైకి వెళ్ళి, తగు చర్య నిమిత్తం తెలుగై, నాలుగో రోజున కిందికి దిగింది. "పద్నాలుగవ మైలు వద్ద కనిపించుచున్న ఊట మంచుకొండ యొక్క కొన మాత్రమే అని తెలియవచ్చినది. శాఖాపరమైన కాలువలయందు మంచుకొండ ఎట్లు ప్రవేశించెను? లస్కరు ఏమి చేయుచుండెను? సదరు మంచుకొండను పరిశీలించుటకై త్రిసభ్య సంఘము నియమించడమైనది."

మంగతాయారు డివిజన్ ఆఫీసుకు ఫోను చేసి, అది నుడికారమని చెప్పబోయింది. అవతలి గుమాస్తా, ఉత్తర్వులో నుడికారమని ఎక్కడా లేదనీ, మంచుకొండ అనే ఉందనీ, ఉత్తర్వు మీద వ్యాఖ్యానం చేసే స్థాయి తమ ఇద్దరికీ లేదనీ చెప్పి పెట్టేశాడు.

సంఘంలో ఇద్దరు ఇంజనీర్లు. మంచు గురించి తెలిసినవాడు ఒకడుండాలని, రొయ్యల కోసం ఐసు దిమ్మలు చేసే ఫ్యాక్టరీ యజమాని నరసింహరాజును మూడో సభ్యుడిగా వేశారు. ముగ్గురూ జీపులో వచ్చారు. అప్పటికి ఊట బిందెడైంది. నరసింహరాజు మోకాళ్ళ మీద కూర్చుని నీటిలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉందన్నాడు. తన ఫ్యాక్టరీలో దిమ్మ కరిగేటప్పుడు కూడా ఇట్లాగే ముందు కింది నుంచి కారుతుందన్నాడు. పాపం, ఆయన అడిగినదానికి జవాబు చెప్పాడు. తక్కిన ఇద్దరూ రాసుకున్నారు.

ఏడుకొండలు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి, అయ్యా, మంచు కాదండి, పీతల కన్నాలండి అని చూపించాడు. పీతలు తమ విచారణ పరిధిలో లేవని పెద్ద ఇంజనీరు ఓర్పుగానే చెప్పాడు.

సంఘం నివేదిక రెండు రోజుల్లో వచ్చింది. మా శాఖ చరిత్రలో అంత త్వరగా వచ్చిన నివేదిక మరొకటి లేదు. "మంచుకొండ యొక్క ఉనికి దృశ్యమానముగా నిర్ధారణ కాలేదు. కావున అది ఇప్పటికే అధిక భాగము కరిగియుండునని, ప్రస్తుత ఊట సదరు కరుగుదల వలననే యని సంఘము భావించుచున్నది. కరుగుట పూర్తికాగానే ఊట దానంతట అదే నిలిచిపోవును. ఎట్టి చర్యయు అవసరము లేదు."

మంగతాయారు ఆ కాగితాన్ని ఏడుకొండలుకు చదివి వినిపించింది. మర్నాడు అతను డివిజన్ ఆఫీసుకు స్వయంగా వెళ్ళాడు. కార్యనిర్వాహక ఇంజనీరు త్రినాథరావుకు ఇంగ్లీషు బాగా వచ్చు. గట్లూ బాగా తెలుసు. సంగతి రెండు నిమిషాల్లో అర్థమైంది. అయితే సంఘం నివేదిక మీద ప్రధాన ఇంజనీరు సంతకం ఉంది. ఐస్‌బర్గ్ అంటే ఐసు కాదని ఇప్పుడు రాస్తే, అది ప్రధాన ఇంజనీరుకు రెండో ఢిల్లీ అవుతుంది. త్రినాథరావుకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఆయన ఫ్యాను వంక చూసి, "మరో నివేదిక పంపించండి. మంచుకొండ లేకుండా," అన్నాడు.

మంగతాయారు ఈసారి అర్థానికి తగినదే కాక, మాటకు మాట వేసినా ప్రమాదం లేనిది వెతికింది. చినుగు చిన్నదిగా ఉన్నప్పుడే ఒక కుట్టు వేస్తే, తరవాత తొమ్మిది కుట్లు వెయ్యాల్సిన పని తప్పుతుందని చెప్పే సామెత ఒకటుంది, "ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్" అని. ఇందులో కొండలూ సముద్రాలూ లేవు. దీన్ని ఎవరైనా ఎంత వంకరగా చదవగలరు అనుకుంది.

"సకాలమందు ఒక కుట్టు తొమ్మిదిని రక్షించును" అని వచ్చింది తెలుగు. దాని కింద ఉత్తర్వు. "ప్రతిపాదన ఆమోదించడమైనది. ఒక కుట్టు నిమిత్తము ఒక దర్జీని మంజూరు చేయడమైనది. రక్షింపబడవలసిన తొమ్మిది ఏవి? లబ్ధిదారుల వివరములు, గుర్తింపు కార్డుల నకళ్ళతో, వెంటనే పంపవలెను."

గట్టు కింద ఉన్నవి నలభై మూడు ఇళ్ళని ఏడుకొండలు మనవి చేసుకున్నాడు. మంజూరైనవి తొమ్మిదేనని, తక్కినవాటిని రెండో విడతలో పరిశీలిస్తామని జవాబొచ్చింది.

సీతపల్లంలో అప్పటిదాకా గండి భయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు జాబితా భయం దాని మీద ఎక్కి కూర్చుంది. ప్రభుత్వం తొమ్మిది ఇళ్ళనే కాపాడుతుందట అన్న మాట వినగానే, ఎట్లా కాపాడుతుంది, తక్కినవి మునిగి ఆ తొమ్మిదీ ఎట్లా తేలతాయి అని ఒక్కరూ అడగలేదు. ఆ తొమ్మిదిలో తమది ఉందా లేదా అనే అడిగారు. అన్నదమ్ములు మాటలు మానేశారు. సర్పంచి రాసిచ్చిన తొమ్మిదిలో రెండు ఇళ్ళు పక్క ఊళ్ళో, మెరక మీద, మేడల్లో ఉన్నాయి. సాలమ్మ అనే ముసలావిడ, గట్టును ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు ఆమెదే, ఏడుకొండలు చేత అర్జీ రాయించి పట్టుకెళ్ళింది. నువ్వు ఒంటరిదానివి, ఇల్లు కూడా తాటాకులది, పోయినా పెద్ద నష్టం లేదని చెప్పి పంపేశారట.

దర్జీ మాత్రం నిజంగానే వచ్చాడు. పేరు మస్తాను. కుట్టుమిషను రిక్షాలో పెట్టుకుని, ఉత్తర్వు కాపీ జేబులో పెట్టుకుని గట్టు మీద దిగాడు. ఏం కుట్టాలి భాయ్ అని అడిగాడు. ఊట అప్పటికి రెండు చోట్ల పుట్టింది. ఏడుకొండలు అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. తరవాత రైసుమిల్లుకు వెళ్ళి చినిగిన గోతాలన్నీ అడిగి తెచ్చాడు. జాబితా గొడవలో ఉన్న ఊరివాళ్ళను ఇంటింటికీ వెళ్ళి పిలిచాడు. ఎక్కువ మాట్లాడలేదు. "జాబితాలో ఉన్నోళ్ళూ రండి, లేనోళ్ళూ రండి. నీళ్ళకి చదువు రాదు," అన్నాడు.

ఆ మాట పనిచేసింది. రెండు రోజులు ఆడా మగా ఇసుక మోశారు. మస్తాను చిరుగులు కుట్టి, నింపిన గోతాల మూతులు పెద్ద సూదితో కుట్టి, చేతులు పుళ్ళు చేసుకున్నాడు. నాలుగు వందల బస్తాలు రెండు ఊటల చుట్టూ గుండ్రంగా పేర్చారు. మూడో రోజుకు ఊరే నీళ్ళు తేటబడ్డాయి. ఏడుకొండలు ఆ నీళ్ళను దోసిట్లోకి తీసుకుని, మంగతాయారుకు చూపించి, మొదటిసారి నవ్వాడు.

అదే రోజు మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చాడు. ఉత్తర్వు తీసి చదివాడు. మంజూరైనది ఒక కుట్టు. వేసినవి ఎన్ని అని అడిగాడు. మస్తాను నిజాయితీపరుడు, బస్తాకు ఏడెనిమిది పడ్డాయన్నాడు. అధికారి లెక్క వేసుకుని నిలువునా నీరైపోయాడు. ఒకటికి మూడు వేల చిల్లర, ఇది అతిక్రమణ కాదు, విప్లవం అన్నాడు. అదనపు కుట్లకు పై అధికారుల ఆమోదం వచ్చేదాకా, ఆమోదితం కాని బస్తాలు గట్టు మీద ఉండకూడదన్నాడు. ఏది ఆమోదిత కుట్టో తేలదు కాబట్టి మొత్తం తీసేయమన్నాడు. ఏడుకొండలు కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, నా చేతుల్లో ఏముందయ్యా అని నిజంగానే బాధపడ్డాడు. తన మనుషుల చేత బస్తాలు తీయించి, వరసగా పేర్పించి, నంబర్లు వేయించి వెళ్ళాడు.

సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ బురదయ్యాయి. ఏడుకొండలు ఇక ఎవరికీ నివేదిక పంపలేదు. చీకటి పడకముందే డప్పు కొట్టించి, నలభై మూడు ఇళ్ళనూ ఖాళీ చేయించి, జనాన్నీ గొడ్లనూ హైస్కూలు మెరక మీదికి తోలాడు. సాలమ్మను తనే సైకిలు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున్న పది దాటాక గట్టు ఒక్కసారిగా కూర్చుండిపోయింది. నలభై గజాల గండి. గంటలో సీతపల్లం చెరువైంది. మనుషులెవరూ పోలేదు. పదకొండు ఇళ్ళు గోడలతో సహా కరిగిపోయాయి. వాటిలో ఏడుకొండలు ఇల్లొకటి. పొట్ట మీదున్న వరి చేలన్నీ నీళ్ళ కింద పడ్డాయి.

మూడో రోజు ప్రధాన ఇంజనీరు విశ్వంభరరావు గారు వచ్చారు. కాలువ వంతెన మీద నిలబడి చూశారు. ఆయన దుర్మార్గుడు కాదు. చూసి చలించారనే చెబుతుంది మంగతాయారు. ఎవరి తప్పు అన్న మాట రాకముందే, తనిఖీ పుస్తకం తెప్పించుకుని, స్వదస్తూరీతో ఒక వాక్యం రాశారు. "ఇటీజ్ ఆల్ వాటర్ అండర్ ది బ్రిడ్జ్ నౌ." జరిగిపోయిందేదో జరిగిపోయింది, ఇక దాన్ని తవ్వుకోవద్దు అని దాని భావం. నిందలు వద్దు, ముందుకు సాగుదాం అని ఆయన ఉద్దేశం. ఈసారి నుడికారం అర్థం ఆయనకు తెలుసు, అందుకు కొంచెం సంతోషించారు కూడా.

ఆ వాక్యం శేషాద్రి గారి దగ్గరికి వెళ్ళి, ఒక్క మాటా పోకుండా తెలుగై, రెవెన్యూ వాళ్ళకు చేరింది. "ఇది అంతయు ఇప్పుడు వంతెన క్రింది నీరు."

నష్టం నమోదు చేసుకోవడానికి తహశీల్దారు ట్రాక్టరు మీద వచ్చాడు. నమోదు చెయ్యలేదు. ఇది అంతా వంతెన కింది నీరేనని, అంటే నీరంతా వంతెన కిందనే ఉన్నదని, కాలువల శాఖ అత్యున్నతాధికారి స్వయంగా చూసి ధ్రువపరిచాడు. అట్లాంటప్పుడు ఊళ్ళో నీరున్నట్టు తను ఎట్లా రాయగలడు? సాలమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది. మరి ఇయ్యేంటి బాబూ అని అడిగింది.

"ఇది నీరు కాదని నేను అనడం లేదమ్మా," అన్నాడు తహశీల్దారు. "వంతెన కింద లేని నీటిని గుర్తించే అధికారం నాకు లేదు, అంతే."

ఊళ్ళో నమోదు చెయ్యవలసిన నీరు లేదని కాగితం రాసి, అందరూ ఒప్పుకుంటున్నట్టు సాక్షి సంతకం కావాలని, లస్కరు కాబట్టి ఏడుకొండల్ని పెట్టమన్నాడు. ఏడుకొండలు మంగతాయారు వైపు తిరిగి, అసలు పెద్దయ్యగారు రాసిందానికి అర్థమేంటమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. అయిపోయిందేదో అయిపోయింది, మర్చిపొమ్మన్నారు బాబాయ్ అని.

"అంతేనా అండి," అన్నాడతను. "ఆ మాట తెలుగులో అన్నా నాకు సంతకం పెట్టాలనిపించదు."

కలం తిరిగి ఇచ్చేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో పై అధికారి చెప్పిన సంతకం పెట్టకపోవడం అదే మొదటిసారి.

లస్కర్లు రోజూ పొద్దున్న కాలువలో నీటి లోతు కొలిచి, రాజధానిలోని వరద కేంద్రానికి ఫోనులో చెబుతారు. అవి ఒట్టి అంకెలు. వాటికి నుడికారం అక్కర్లేదు, అనువదించడానికీ ఏమీ ఉండదు. మర్నాడు ఏడుకొండలు కొలత కర్ర పట్టుకుని కాలువకు వెళ్ళలేదు. ఊళ్ళోకి దిగాడు. ఇల్లిల్లూ కొలిచి, రిజిస్టరులో వరసగా రాసి, ఫోనులో చెప్పాడు. సాలమ్మ వంటిల్లు, రెండడుగుల తొమ్మిదంగుళాలు. రామాలయం అరుగు, అడుగున్నర. గుత్తుల ఏడుకొండలు ఇల్లు, గోడలు లేవు, మూడడుగులు. నలభై మూడూ చెప్పాడు. ఆ మర్నాడూ చెప్పాడు.

వరద కేంద్రంలో ఫోను పుచ్చుకునే అమ్మాయి ఉద్యోగానికి కొత్త. సాలమ్మ వంటిల్లు అనేది ఏ కాలువ మీద ఉందో పటంలో ఎంత వెతికినా దొరక్క, ఆఖరికి అతన్నే అడిగింది. విన్నాక అంకెల్ని నేరుగా కలెక్టరుకే పంపింది. గండి పడిన పదో రోజున పడవలూ బియ్యమూ వచ్చాయి. చేల నష్టం రాసుకోవడానికి వేరే మనుషులు వచ్చారు. ఆలస్యమైంది, అయినా వచ్చారు. నలభై మూడు ఇళ్ళకీ అందింది.

ఏడుకొండలుకు మెమో అందింది. ప్రభుత్వ రిజిస్టరులో నుడికారరహితముగా, అందునా తెలుగులో, అందునా వంటిండ్ల వివరములు వ్రాసినందుకు ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను. అతను అప్పుడు హైస్కూలు వరండాలో, చీర అడ్డం కట్టుకుని కాపురం ఉంటున్నాడు. మెమో వెనకాలే జవాబు రాసి మంగతాయారుకు ఇచ్చాడు. "నా ఇల్లు పోయింది. దాని మీద ఈ మెమో. గోరుచుట్టు మీద రోకటిపోటు."

జవాబు పైకి వెళ్ళాలి కాబట్టి ఇంగ్లీషు కావాలి. శేషాద్రి గారు మాటకు మాట వేశారు. గోరుకు నెయిల్, చుట్టుకు అరౌండ్, రోకటికి పెస్టల్, పోటుకు బ్లో. "ఆన్ నెయిల్-అరౌండ్, పెస్టల్-బ్లో."

విశ్వంభరరావు గారు అది మూడుసార్లు చదివారు. ఎప్పుడూ వినని నుడికారం. లయ ఉంది, గాంభీర్యం ఉంది. ఒక లస్కరుకు తెలిసినది తనకు తెలియకపోవడమా అనుకున్నారు. అర్థం అడిగితే తెలియదని బయటపడుతుంది. త్రినాథరావును పిలిపించి, ఇది మీకు తెలిసే ఉంటుంది కదా అన్నారు.

"తెలుసండి," అన్నాడు త్రినాథరావు. "చాలా పాతది."

అందులో అబద్ధమేమీ లేదు. విశ్వంభరరావు గారు మెమోను ఉపసంహరించి, ఆ మాటను నూట రెండో నుడికారంగా జాబితాలో చేర్పించారు. అర్థం ఏమిటని ఏ అధికారీ అడగలేదు, అడిగితే తెలియదని తేలుతుంది కదా. నుడికార నిర్వచన సంఘం కూర్చుని, "గోటితో పోవు పనికి సైతము రోకలిని ప్రయోగించునంతటి అంకితభావము" అని ఖాయపరిచింది. ఉద్యోగుల ప్రశంసాపత్రాల్లో అది కనబడసాగింది. నా స్నేహితుడు ఒకడు రిటైరైతే, ఈయన సేవ యావత్తూ నెయిల్-అరౌండ్ మీద పెస్టల్-బ్లో అని ఇత్తడి ఫలకం మీద చెక్కించి ఇచ్చారు. నిజం చెప్పాలంటే అతని విషయంలో అది సరిపోయింది.

మరుసటి వేసవిలో క్షేత్రస్థాయి సిబ్బందికి నుడికార పరీక్ష పెట్టారు. ప్రశ్నాపత్రం తెలుగు లిపిలో ఇచ్చారు, జవాబు తెలుగులో రాయొచ్చన్నారు. ఆరో ప్రశ్న నూట రెండో నుడికారం. కింద, సౌలభ్యం కోసం, శేషాద్రి గారి తెలుగు అనువాదం కూడా ఇచ్చారు. గోరు చుట్టూ మీద, రోకలి దెబ్బ. ఏడుకొండలు దాన్ని గుర్తుపట్టాడు. దెబ్బ తగిలినవాడికి అక్కడే మళ్ళీ ఇంకో దెబ్బ తగలడం అని రాశాడు. సున్నా వచ్చింది. మొత్తం మీద ఒక్క మార్కులో పరీక్ష తప్పాడు.

అతను కాగితం పట్టుకుని పరీక్షాధికారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన పట్నం కాలేజీలో లెక్చరరు, మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. ఏడుకొండలు కూర్చోకుండానే, ఆరోది నేను రాసింది సరైందేనండి అన్నాడు.

"ఎవరు చెప్పారు మీకు?"

"మా అమ్మ అనేదండి ఈ మాట. దంపేటప్పుడు."

"మీ అమ్మగారు ఎంతవరకు చదువుకున్నారు?"

"చదువు లేదండి."

లెక్చరరు జాలిగా తల ఊపాడు. పుస్తకం తెరిచి, నిర్వచనం మీద వేలు పెట్టి చూపించాడు. బాధపడవద్దని, వచ్చే నెలలో మళ్ళీ పరీక్ష ఉంటుందని, ఈలోగా కంఠస్థం చెయ్యమని చెప్పాడు.

"నుడికారం అంత తేలిగ్గా పట్టుబడేది కాదు పెద్దాయనా," అన్నాడు. "అది పుట్టుకతో రావాలి."